నాన్న అన్నం మానేశారు.. సెలైన్ పెట్టించాలా?

ప్రశ్న: మా నాన్నకు 72 ఏళ్లు. పాంక్రియాస్ క్యాన్సర్ లివర్‌కు పాకింది. ఇక చేయగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లమన్నారు. పది రోజులుగా రెండు మూడు చెంచాల జావ తప్ప ఏమీ తీసుకోవడం లేదు. అమ్మ బలవంతంగా తినిపిస్తోంది. సెలైన్ పెట్టించమని అమెరికాలో ఉన్న తమ్ముడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు కానీ భయమేసి బీరువాలో పెట్టేశాను. నేనేం చేయాలి?
- ఓ పాఠకురాలు, నల్గొండ

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్రలు బీరువాలోంచి తీయండి. నొప్పితో మూలిగే మనిషికి అన్నిటికంటే ముందు కావలసింది అదే. డాక్టర్ రాసిన మోతాదులో వాడితే మార్ఫిన్ ప్రాణం తీయదు, ఈ దశలో అలవాటైపోతుందన్న భయమూ అక్కర్లేదు. వెంటనే పనిచేసే మామూలు మార్ఫిన్ మాత్రలైతే సాధారణంగా నాలుగు గంటలకోసారి వేయమంటారు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైము ప్రకారం వేయాలి. మలబద్ధకం కచ్చితంగా వస్తుంది కాబట్టి విరేచనం మందు కూడా రోజూ ఇవ్వాలి. మొదటి రెండు మూడు రోజులు మత్తుగా ఉండొచ్చు. లేపినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా వెంటనే మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. మాత్ర మింగలేని రోజు వస్తుంది. అప్పుడేం ఇవ్వాలో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ఇక తిండి సంగతి. తినకపోవడం వల్లే నాన్న నీరసిస్తున్నారని అమ్మగారి బాధ. నిజానికి జబ్బు ముదిరి శరీరం ఒక్కో పనీ ఆపుకుంటూ వస్తోంది, అందుకే ఆకలి పోయింది. మనం పస్తుంటే పడే బాధ ఈ దశలో ఆయనకు ఉండదు. బలవంతపు ముద్ద వాంతి కావొచ్చు, లేదా పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సెలైన్ కూడా అంతే. ఆ నీటిని శరీరం వాడుకోలేక కాళ్లు, పొట్ట ఉబ్బొచ్చు, ఛాతీలో గురగుర పెరగొచ్చు.

అయితే ఇన్నేళ్లు వండిపెట్టిన ఇల్లాలికి 'పెట్టొద్దు' అన్న మాట మింగుడుపడదు. ఆమె చేతికి వేరే పని ఇవ్వండి. మెత్తటి నూలుగుడ్డ గోరువెచ్చటి నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, నాన్న చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపల మెల్లగా తుడవమనండి. ఆ తర్వాత పెదాలకు వాజిలిన్ రాయమనండి. రెండు గంటలకోసారి ఇలా చేస్తే నోరెండిన బాధ తీరుతుంది. అదే వేళకు ఆయన్ని ఓ పక్క నుంచి మరో పక్కకు తిప్పితే వీపున పుండ్లు పడే ముప్పు తగ్గుతుంది. ఆయన అడిగితే తల ఎత్తి పెట్టి చెంచాడు జావ పట్టండి, ముఖం తిప్పుకుంటే ఆపేయండి.

చివరి రోజుల్లో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే టెన్షన్ కొంత తగ్గుతుంది. ఎక్కువసేపు నిద్రలోనే ఉంటారు. మూత్రం తగ్గి ముదురు రంగులోకి మారుతుంది. పాదాలు చల్లబడతాయి. ఊపిరి కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంది. గొంతులో గురగురమంటుంది. వినే మనకు అది భయంకరంగా ఉంటుంది కానీ ఆయనకు అంత బాధ తెలియకపోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చాలా ఇళ్లలో సరిగ్గా అప్పుడే కంగారుపడి ఐసీయూకు పరుగెడతారు. నాన్నకు మాట్లాడే ఓపిక ఉండగానే ఎక్కడ ఉండాలనుందో ఆయన్నే అడగండి. తులసి తీర్థం పోయాలని పెద్దవాళ్లు అంటారు. కాదనకండి, కానీ మింగలేని నోట్లో చెంచాతో పోయకుండా పెదాలు తడపండి చాలు.

తెలంగాణలో చాలా జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాని వాళ్లకు నొప్పి, బాధ తగ్గించే వైద్యం) కేంద్రాలున్నాయి, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఈ విభాగం ఉంది. రిపోర్టులు తీసుకుని ఒకసారి వెళ్లి మాట్లాడండి. మరణం ఇంట్లోనే జరిగితే ధ్రువీకరించే డాక్టర్ ఎవరో ముందే చూసుకోండి. 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. రాత్రిళ్లు మీరొక్కరే మేల్కొనకండి, బంధువులతో వంతులు వేసుకోండి.

తమ్ముడికి ఈ జవాబు చదివి వినిపించి, వీలుంటే వెంటనే బయల్దేరమనండి. రాలేకపోతే ఫోన్ స్పీకర్‌లో పెట్టి నాన్న చెవి దగ్గర ఉంచండి. కళ్లు తెరవకపోయినా ఆయనకు వినిపిస్తూ ఉండొచ్చు.