కిడ్నీ దెబ్బ: మరణాల శాతం తగ్గితే భయం తీరినట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్ వాడతారు. విరేచనాలతో నీరసించి, ఒళ్లునొప్పులకు మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకున్నాక మూత్రం తగ్గిపోయింది. క్రియాటినిన్ (కిడ్నీలు రక్తం నుంచి వడగట్టే వ్యర్థం) 4.1కి చేరడంతో రెండుసార్లు డయాలసిస్ చేశారు. ఇప్పుడు 1.3 ఉంది. అమెరికాలో ఇలా కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే జబ్బుతో మరణాల శాతం బాగా తగ్గిందని చదివాను. ఇక భయపడనక్కర్లేదా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: మీరు చదివింది నిజమే. అక్కడి ఆసుపత్రి రికార్డుల ప్రకారం, కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిన్నట్టు నమోదైన రోగుల్లో 1988లో సుమారు 40 శాతం మంది ఆసుపత్రిలోనే మరణించగా, 2002 నాటికి అది 20 శాతానికి దిగింది. అయితే అదే కాలంలో లక్ష జనాభాకు కేసులు 61 నుంచి 288కి పెరిగాయి. రెండూ కలిపి లెక్కవేస్తే, లక్ష జనాభాకు మరణాలు దాదాపు 25 నుంచి 58కి పెరిగినట్టు తేలుతుంది! తేలికపాటి కేసులను కూడా నమోదు చేయడం ఎక్కువైనందువల్ల శాతం కొంత తగ్గి కనిపిస్తుంది. అలాగని చికిత్స మెరుగుపడలేదనలేం. డయాలసిస్ అవసరమైనంత తీవ్రమైన కేసుల్లోనూ మరణాలు 41 శాతం నుంచి 28 శాతానికి తగ్గాయి.

మన దగ్గర విరేచనాలు, డెంగీ, మలేరియా, పాముకాటు వంటి కారణాలతో, అప్పటిదాకా ఆరోగ్యంగా తిరిగినవారు కూడా ఈ స్థితికి చేరుతున్నారు. వీటిలో చాలావరకు సకాలంలో ఆపగలిగినవే కావడం నన్ను బాధిస్తుంది. మీ నాన్నగారి విషయమే చూడండి: విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు, నొప్పి మాత్ర కిడ్నీ వడపోతలోకి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది, టెల్మిసార్టాన్ బయటికి వెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది, దాంతో వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. ఈ మూడూ ఒకేసారి కలవడమే ప్రమాదం.

క్రియాటినిన్ 1.3కి దిగినా కిడ్నీలు పూర్తిగా కోలుకున్నాయని అనుకోవద్దు. జబ్బుకు ముందు చేయించిన రిపోర్టు ఉంటే దానితో పోల్చి చూపించండి. జబ్బు మొదలైన మూడు నెలలకు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్) పరీక్షలు తప్పక చేయించండి. ఒకసారి ఇలా దెబ్బతిన్నవారికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మళ్లీ వాడనివ్వకండి. బీపీ మాత్ర సొంతంగా మానిపించవద్దు కానీ, వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే వైద్యునికి ఫోన్ చేసి, దాన్ని తాత్కాలికంగా ఆపాలేమో అడగండి. ఏ క్లినిక్‌కు వెళ్లినా, చీటీ రాయకముందే డిశ్చార్జి కాగితం చూపించండి.