రెండో చంద్రుడు తిరుపతి నుంచి కనిపిస్తాడా?

"భూమికి రెండో చంద్రుడు దొరికాడట, 2083 దాకా ఉంటాడట, మా అమ్మాయికి చూపించాలంటే ఎలాంటి టెలిస్కోపు కొనాలి?" అని అడిగారు. దీని కోసమైతే ఏదీ కొనకండి. మీరు చెబుతున్నది 2025 పీఎన్7 అనే గ్రహశకలం. 2025 ఆగస్టులో హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోపుకు చిక్కింది. సైజు సుమారు 19 మీటర్లు. బాగా దగ్గరికి వచ్చినా దాదాపు 40 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. పాన్‌స్టార్స్ అద్దం 1.8 మీటర్లు, నా దగ్గరున్నది ఎనిమిది అంగుళాలది. వెలుతురు పట్టడంలో రెండింటికీ 80 రెట్ల తేడా. అంత పెద్దదానికి కూడా అది కదిలే చుక్కే.

అసలు అది మన చుట్టూ తిరగడం లేదు. భూమి ఒక వస్తువును తన చుట్టూ కట్టిపడేసుకోగలిగేది సుమారు 15 లక్షల కిలోమీటర్ల లోపే. ఇది దానికి బయట, సూర్యుడి చుట్టూ సొంత దారిలో పోతోంది. కాకపోతే ఒక చుట్టుకు దానికీ దాదాపు ఏడాదే పడుతుంది, అందుకే ఈ గొడవంతా. పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండులో మీరు ఒకే వేగంతో వాకింగ్ చేస్తున్నారనుకోండి. ఇంకొకాయన లోపలి గీత మీదికి వచ్చినప్పుడు చకచకా నడిచి మిమ్మల్ని దాటిపోతాడు, బయటి గీత మీదికి వెళ్లినప్పుడు నెమ్మదించి వెనకబడతాడు. రౌండు మాత్రం ఇద్దరిదీ ఒకే సమయానికి పూర్తవుతుంది. అతను ఒకసారి ఎడమ పక్కన, ఒకసారి ముందు, తర్వాత కుడి పక్కన, ఆపైన వెనక. మీకు అతను మీ చుట్టూ తిరిగినట్టే ఉంటుంది, నిజానికి ఇద్దరూ తిరిగేది గ్రౌండు చుట్టూ. పీఎన్7 కక్ష్య మనదానికన్నా కాస్త కోలగా ఉంటుంది, సూర్యుడికి దగ్గరైనప్పుడు వేగం, దూరమైనప్పుడు నిదానం. సుమారు అరవై ఏళ్లుగా ఇదే వరస. 2083 ప్రాంతంలో ఈ జత విడిపోతుందని లెక్క.

ఇలాంటిది ఇదే మొదటిది కూడా కాదు. 2016లో దొరికిన కామోఓఅలేవా ఇంకా స్థిరంగా మనతో నడుస్తోంది. అది చంద్రుడి నుంచి ఊడిన ముక్క కావచ్చని అనుమానం. దాని మట్టి తేవడానికి చైనా 2025 మేలో తియాన్‌వెన్-2 అనే వ్యోమనౌకను పంపింది. నాకైతే పీఎన్7 కన్నా దీని మీదే ఆసక్తి ఎక్కువ.

2024 చివర్లో 2024 పీటీ5ను "మినీ మూన్" అని టీవీల్లో ఊదరగొట్టినప్పుడు మా అపార్ట్‌మెంటులో సగం మంది మేడ మీదికి వచ్చేశారు. ఆ పది మీటర్ల రాయి భూమి చుట్టూ ఒక్క చుట్టు కూడా పూర్తి చేయలేదని చెబితే వినేవాళ్లెవరు? ఒక పెద్దాయన దాన్ని జాతకంలో ఏ ఇంట్లో వెయ్యాలని అడిగారు. మబ్బులు విడిచినప్పుడు శనిగ్రహం చూపించాను. వలయం సన్నగా ఉన్నా, పిల్లలు ఇక మినీ మూన్ ఊసే ఎత్తలేదు.

మీ అమ్మాయికి గ్రహశకలమే కావాలంటే వెస్టాను చూపించండి. 500 కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు, భూమికి ఎదురుగా వచ్చినప్పుడు బైనాక్యులర్‌కే అందుతుంది. ఆకాశపటం చూపించే స్టెల్లేరియం యాప్‌లో అది ఉండే చోటు చూసుకోండి. తిరుపతిలో ఉత్తరాన కొండ అడ్డం, కానీ వెస్టా ఎక్కువగా దక్షిణం వైపే తిరుగుతుంది కాబట్టి టెన్షన్ లేదు. అక్టోబరు, నవంబరులలో మన వానలతో మాత్రం పెట్టుకోకండి. చూసిన రాత్రి చుట్టూ ఉన్న నక్షత్రాలను కాగితం మీద చుక్కలుగా పెట్టించండి. రెండు మూడు రాత్రులు ఆగి మళ్లీ పెట్టిస్తే ఏ చుక్క జరిగిందో తనే పట్టేస్తుంది. ఒకరోజు వీలుంటే వేలూరు దాటి కావలూరు అబ్జర్వేటరీకి తీసుకెళ్లండి, వెళ్లే ముందు సందర్శన వేళలు కనుక్కోండి. 1988లో 4130 రామానుజన్ అనే గ్రహశకలాన్ని కనిపెట్టింది అక్కడే.