లూపస్‌తో కడుపుతో ఉన్నప్పుడు ఫ్లూ జ్వరం వస్తే మందులు ఆపేయాలా?

మీకు లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉంది, ఇప్పుడు 22వ వారం, మూడు రోజులుగా జ్వరం, దగ్గు, ఒళ్ళు నొప్పులు. లూపస్ మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి జ్వరం తగ్గేదాకా అన్నీ ఆపేయమని ఇంట్లో అంటున్నారు, ఆపనా అని అడిగారు. మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ముఖ్యంగా స్టెరాయిడ్ వేసుకుంటుంటే ఒక్క పూట కూడా మానకండి. రేపు చూద్దాంలే అనుకోకుండా ఈ రోజే మీ గైనకాలజిస్ట్‌కీ, రుమటాలజిస్ట్‌కీ (లూపస్ చూసే డాక్టర్‌కి) ఫోన్ చేయండి. మిగతాది ఆ ఫోన్లయ్యాక చదవండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు నేను చేశాను. మొదటి కాన్పప్పుడు 26వ వారంలో నాకు ఫ్లూ వచ్చింది. సాయంత్రం గొంతు గరగర, రాత్రికి 101 డిగ్రీల జ్వరం. అప్పటికి రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, అజాథయోప్రిన్ (ఇమ్యూనిటీ తగ్గించే మందు), తక్కువ మోతాదు ఆస్పిరిన్ వేసుకుంటున్నాను. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌లో చూపిస్తే, నా పాత చీటీ చూసి "కడుపుతో ఉండి ఇన్ని మందులా? జ్వరం పోయేదాకా ఇవన్నీ ఆపండి" అని చెప్పి యాంటీబయాటిక్ రాసిచ్చారు. మా అత్తయ్య కూడా అదే మంచిదన్నారు. నాకూ సబబుగానే అనిపించింది, డబ్బా మూసి బీరువాలో పెట్టేశాను.

మూడో రోజు పొద్దున మంచం దిగబోతే కళ్ళు బైర్లు కమ్మాయి. నిలబడలేకపోయాను, వాంతి అయింది. జ్వరం చూస్తే 99 కూడా లేదు. మా ఆయన రుమటాలజిస్ట్‌కి ఫోన్ చేస్తే, ఆయన బిడ్డ గురించి కానీ జ్వరం గురించి కానీ అడగలేదు. మొదటి మాటే "ఆవిడ స్టెరాయిడ్ ఎప్పుడు ఆపారు?"

విషయం ఏమిటంటే, చాలాకాలంగా ప్రెడ్నిసొలోన్ వాడేవాళ్ళలో కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేసే పని తగ్గించేస్తాయి. జ్వరం లాంటిది వచ్చినప్పుడు ఒంటికి ఆ హార్మోన్ మామూలు కంటే ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే మాత్ర మానేస్తే బీపీ పడిపోతుంది, ప్రాణం మీదకి వస్తుంది. ఆ రోజు నన్ను ఆసుపత్రిలో చేర్చి, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చాకే మనిషినయ్యాను. స్వాబ్ పరీక్షలో ఫ్లూ అని తేలింది.

అక్కడ డాక్టర్లు నా మాత్రలన్నీ బల్ల మీద వరసగా పెట్టి, ఒక్కోదాని గురించి విడిగా చెప్పారు. అన్నింటినీ "ఇమ్యూనిటీ తగ్గించే మందులు" అని ఒకే గాటన కట్టేయకూడదని నాకు అప్పుడే అర్థమైంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపాల్సిన పనే లేదు, ఆపితే లూపస్ తిరగబెట్టే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ ఆపకూడదు, జబ్బుగా ఉన్న రోజుల్లో అవసరమైతే వాళ్ళే పెంచుతారు. ఆస్పిరిన్ బీపీ సమస్య రాకుండా ఇచ్చేది, అదీ కొనసాగించారు. అజాథయోప్రిన్ ఒక్కటి మాత్రం నా తెల్లరక్తకణాలు తగ్గాయని కొన్ని రోజులు ఆపి, కౌంట్ కోలుకున్నాక మళ్ళీ మొదలుపెట్టారు. అంటే ఆపాల్సిన మందు ఉండొచ్చు. కానీ ఏది, ఎన్ని రోజులు అన్నది రక్తపరీక్ష చూసి రుమటాలజిస్ట్ చెప్పాలి. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (రక్తం గడ్డకట్టే ప్రమాదం పెంచేవి) ఉండి, గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ తీసుకుంటుంటే అది కూడా సొంతంగా మానకండి. జ్వరంతో రోజంతా పడుకునే ఉంటే రక్తం గడ్డకట్టే అవకాశం ఇంకా పెరుగుతుంది.

ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే యాంటీవైరల్ ఉంది. మామూలుగా 75 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకి రెండు, 5 రోజులు. గర్భిణులకి ఇవ్వొచ్చు. మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, అందుకే ఫ్లూ అనుమానం బలంగా ఉంటే రిపోర్ట్ కోసం ఆగకుండానే మొదలుపెడతారు. మీకు మూడు రోజులు దాటిపోయింది కదా అని వదిలేయకండి. మనలాంటి వాళ్ళకి ఆలస్యమైనా ఇస్తారు, నాకు ఇచ్చింది కూడా మూడో రోజే. కోవిడ్ పరీక్ష కూడా అదే స్వాబ్‌తో చేయమని అడగండి, దాని మందులు వేరు. కోవిడ్‌కి నిర్మాట్రెల్విర్-రిటోనావిర్ రాస్తే, మీరు టాక్రోలిమస్ (ఇమ్యూనిటీ తగ్గించే ఇంకో మందు) వాడుతుంటే ముందే చెప్పాలి, ఆ రెండూ కలిస్తే టాక్రోలిమస్ రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతుంది. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. అయితే జ్వరం ఒకసారి తగ్గి మళ్ళీ వస్తే, దగ్గు ముదిరితే, బాక్టీరియా న్యుమోనియా అయ్యుండొచ్చు, అప్పుడు దాని అవసరం పడుతుంది.

జ్వరానికి పారాసెటమాల్ వేసుకోండి, ఓర్చుకోకండి. ఎక్కువ జ్వరాన్ని అలాగే ఉంచడం బిడ్డకీ మంచిది కాదు. కీళ్ళ నొప్పులకి ఇంట్లో ఐబుప్రొఫెన్ ఉంటుంది కదా, దాని జోలికి మాత్రం వెళ్ళకండి. 20 వారాలు దాటాక అది బిడ్డ కిడ్నీల మీద ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గించగలదు.

ఇక ఊపిరి సంగతి. గర్భసంచి పెరిగేకొద్దీ డయాఫ్రమ్‌ని పైకి నెడుతుంది, ఒంటికి ఆక్సిజన్ అవసరమేమో పెరుగుతుంది. అందుకే ఫ్లూ గర్భిణులని గట్టిగా పట్టుకుంటుంది. 2009 హెచ్1ఎన్1 అప్పుడు ఐసీయూల దాకా వెళ్ళినవాళ్ళలో గర్భిణులు ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం. ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ పెట్టుకోండి, కడుపుతో ఉన్నప్పుడు 95 కంటే తగ్గకూడదు. ఒక చిన్న సంగతి, నన్ను నిజంగా భయపెట్టింది. నాకు రేనాడ్స్ ఉంది, వేళ్ళు చల్లబడి తెల్లగా పాలిపోతాయి. ఇంటికొచ్చిన రెండో రాత్రి చూపుడువేలికి పెడితే 88 చూపించింది. మా ఆయన చేతులు వణికాయి. నర్సుకి ఫోన్ చేస్తే, ఆయాసం లేదు కదా అని అడిగి, చేతిని గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, తుడిచి, వేరే వేలికి పెట్టి నిమిషం ఆగి చూడమంది. 97 వచ్చింది. మీకూ రేనాడ్స్ ఉంటే చేయి వెచ్చబడ్డాక, గోళ్ళరంగు లేకుండా చూడండి. కానీ ఆయాసం ఉంటే అంకెతో పని లేదు, బయలుదేరండి. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్ళకి జ్వరం కూడా బయటికి సరిగా కనిపించదు, థర్మామీటర్‌ని పూర్తిగా నమ్మొద్దు. నా విషయంలో 99 చూపించిన రోజే పరిస్థితి అన్నిటికంటే అధ్వానంగా ఉంది.

మాట్లాడుతుంటే ఆయాసం రావడం, ఛాతీ నొప్పి, నిలబడితే కళ్ళు తిరగడం, మాత్ర కడుపులో నిలవకుండా వాంతి అయిపోవడం, ఒక కాలు మాత్రమే వాయడం, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఫోన్ కోసం ఆగకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

ఇది ఫ్లూనా, లూపస్ తిరగబెట్టిందా అన్న టెన్షన్ కూడా మీకు ఉండే ఉంటుంది. జ్వరం, నీరసం, ఒళ్ళు నొప్పులు, తెల్లకణాలు తగ్గడం రెండిటిలోనూ ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు ఈఎస్ఆర్ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ చూపే రక్తపరీక్ష) ఎలాగూ ఎక్కువే ఉంటుంది కాబట్టి దాన్ని చూసి బెంగపడకండి. మూత్రంలో ప్రొటీన్, రక్తంలో సీ3, సీ4 అనే ప్రొటీన్లు, డీఎస్‌డీఎన్ఏ యాంటీబాడీలు చూసి రుమటాలజిస్ట్ తేలుస్తారు. ఆరోగ్యంగా ఉన్న గర్భంలో సీ3, సీ4 పెరుగుతాయి, పడిపోతుంటే అనుమానించాలి. యాంటీ-రో (బిడ్డ గుండె మీద ప్రభావం చూపగల యాంటీబాడీ) పాజిటివ్ అయితే ఈ వారాల్లో బిడ్డ గుండె స్కాన్‌లు ఉంటాయి. జ్వరం వల్ల తేదీ తప్పితే ఆ స్కాన్ అక్కడితో వదిలేయకుండా ఇంకో తేదీ అడిగి తీసుకోండి.

ఇంట్లోవాళ్ళు ప్రేమతోనే మందులు ఆపమంటున్నారు, వాళ్ళతో వాదన పెట్టుకోకండి. నేను డాక్టర్‌తో స్పీకర్‌లో మాట్లాడించాను. ఆ తర్వాత పూటపూటకీ మాత్ర, మంచినీళ్ళు చేతికి అందించింది మా అత్తయ్యే. పాప 37వ వారంలో పుట్టింది, బాగుంది. రెండో కాన్పుకి మాత్రం ముందే ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకున్నాను, ఇంట్లో అందరికీ వేయించాను. అది నిర్జీవ టీకా, ఏ నెలలోనైనా వేసుకోవచ్చు. ముక్కులో కొట్టే స్ప్రే టీకా మనకి పనికిరాదు, అందులో బతికున్న వైరస్ ఉంటుంది. మీరు కోలుకున్నాక దీని గురించి అడగండి.

ఇప్పుడు ఫోన్ చేసేటప్పుడు "జలుబు చేసింది" అనకండి. మొదటి రోజు నేను అలాగే అన్నాను, రిసెప్షన్‌లో మరుసటి వారానికి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. "లూపస్ ఉంది, 22వ వారం, ఈ మందులు వాడుతున్నాను, జ్వరం మొదలై మూడు రోజులైంది, ఆక్సిజన్ ఇంత ఉంది" అని కాగితం మీద రాసి పెట్టుకుని, ఫోన్ ఎత్తగానే అదే చదివేయండి.