సైకిల్ మీద 28 శాతం ఆదా: పదమూడో నెల సంగతేంటి?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. నా జీతం ఏడాదికి 41,000 పౌండ్లు. ఆఫీసుకు బస్సులో రానూపోనూ రోజుకు 6 పౌండ్లవుతోంది. మా కంపెనీలో ‘సైకిల్ టు వర్క్’ పథకం ఉంది. అందులో 1,200 పౌండ్ల సైకిల్ తీసుకుంటే 28 శాతం మిగులుతుందంటున్నారు. మావారేమో 250 పెట్టి సెకండ్ హ్యాండ్‌ది కొనుక్కోమంటున్నారు. ఏది లాభం?

జవాబు: ఆ 28 శాతం అబద్ధమేమీ కాదు. జనం సైకిలెక్కాలని బ్రిటన్ 1999లో ఇచ్చిన పన్ను మినహాయింపు ఇది. కంపెనీ సైకిల్ కొని మీకు అద్దెకిస్తుంది, అద్దెను పన్ను పడకముందే జీతంలో కోసుకుంటుంది. మీ శ్లాబులో ఇన్‌కమ్ ట్యాక్స్ 20, నేషనల్ ఇన్సూరెన్స్ (పింఛను వగైరాల కోసం జీతంలో కోసే చందా) 8 శాతం కాబట్టి నెలకు 100 కోసినా చేతికొచ్చేదాంట్లో తగ్గేది 72 పౌండ్లే. ఏడాదికి 864. (కంపెనీకీ తన వంతు నేషనల్ ఇన్సూరెన్స్ 15 శాతం మిగులుతుంది. హెచ్‌ఆర్ వాళ్ల ఉత్సాహం ఊరికే కాదు.)

తిరకాసంతా ఏడాది అద్దె అయిపోయాక, పదమూడో నెలలో ఉంది. అప్పటికీ సైకిల్ మీ సొంతం కాదు. వెంటనే కొనేస్తానంటే, పన్నుల శాఖ లెక్కలో 500 పౌండ్లు, ఆపైన ధర ఉన్న సైకిల్‌కు ఏడాది తర్వాత విలువ 25 శాతం. అంటే ఇంకో 300 కట్టాలి. మొత్తం 1,164! మీకు మిగిలేది 36 పౌండ్లు. అలా కాకుండా అద్దె పొడిగించుకునే వీలుంటే, 7 శాతం డిపాజిట్, అంటే 84 పౌండ్లు కట్టి ఇంకో మూడేళ్లు వాడుకుంటారు. నాలుగేళ్లు నిండాక విలువ కూడా ఆ 7 శాతమే కాబట్టి డిపాజిట్‌తోనే సైకిల్ మీదైపోతుంది. అప్పుడు ఖర్చు 948. సంతకానికి ముందే ఈ పొడిగింపు ఉందో లేదో అడగండి.

అయినా 1,200 పౌండ్ల సైకిల్ ఎందుకండీ? ఆషాఢం సేల్‌లో తగ్గింపు ఉందని పట్టుచీర కొన్నట్టుంది. నేను మీవారి వైపే, కాకపోతే పథకం వదలొద్దు. లాక్, లైట్లు, హెల్మెట్‌తో కలిపి 450లో కొత్తది చూసుకోండి. 500 లోపు వాటికి డిపాజిట్ 3 శాతమే. అన్నీ కలిపి మీకు పడేది దాదాపు 338 పౌండ్లు.

ఉద్యోగం మారే ఆలోచన ఉంటే మాత్రం ఆగండి. మిగిలిన కిస్తీలు చివరి జీతంలో, పన్ను పోయాక కోస్తారు. సైకిల్ ఎవరైనా ఎత్తుకుపోయినా కిస్తీలు ఆగవు, ఇన్సూరెన్స్ చూసుకోండి. మెటర్నిటీ పే కూడా తగ్గిన జీతం మీదే లెక్కిస్తారు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉంటే, ఈ కోత వల్ల వీసాకు ఉండాల్సిన కనీస జీతానికి ఇబ్బంది లేదని హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకొక్క మాట. ప్రభుత్వమిచ్చే ప్రోత్సాహం కొనేటప్పుడే, తొక్కినందుకు పైసా రాదు. మీ ఊళ్లో కార్ల రోడ్లతో పని లేకుండా సైకిళ్లకు, నడిచేవాళ్లకు వేసిన రెడ్‌వే దారులు ఉన్నాయి గానీ నవంబరు చలిలో మనిషిని సైకిలెక్కించడానికి అవి సరిపోవు. అందుకని సైకిల్ మీద వెళ్లిన ప్రతి సాయంత్రం, మిగిలిన 6 పౌండ్లను వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపేయండి. 57 రోజులు తొక్కితే సైకిల్ డబ్బు వెనక్కొచ్చేసినట్టే, ఆ తర్వాతది మీ ఇష్టం. నెలవారీ బస్ పాస్ జోలికి మాత్రం వెళ్లకండి, పాస్ ఉంటే తొక్కినా మిగిలేదేమీ ఉండదు. వాన పడితే టికెట్ కొనుక్కుని బస్సెక్కండి, ఆ రోజుకు ఖాతాలో ఏమీ వేయరు, అంతే.