మబ్బు చూసి కొండ టికెట్ కొనండి
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

స్విట్జర్లాండ్ వెళ్తున్నామంటూ ఈ మధ్య వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. అడిగే తీరు వేరైనా అందరి బెంగా ఒకటే: అక్కడి ధరలకి తట్టుకోగలమా? నేను బెర్న్‌లో కాపురం పెట్టి చాలాకాలమైంది. మా ఇంటికొచ్చే బంధువులకి ఏం చెబుతానో మీకూ అదే చెబుతున్నాను. ఈ దేశంలో చౌకగా దొరికేది తక్కువే. కానీ తెలియక పోగొట్టుకునే డబ్బు అంతకంటే చాలా ఎక్కువ. ముందు దాన్ని ఆపండి, చూడాలనుకున్నవి మానుకోవాల్సిన అవసరం రాదు.

ప్రశ్న: మేం నలుగురం. పిల్లలకి పదమూడు, తొమ్మిదేళ్లు. జ్యూరిక్‌లో దిగి లూసెర్న్ మీదుగా ఇంటర్లాకెన్ వెళ్లి నాలుగు రాత్రులు ఉంటాం. చివర్లో మాంట్రూ. స్విస్ ట్రావెల్ పాస్ కొనమని ఒకరు, అక్కర్లేదని ఒకరు చెబుతుంటే టెన్షన్‌గా ఉంది. ఏది మంచిది?

ముందు పిల్లల సంగతి చెబుతాను, పెద్ద మొత్తం మిగిలేది అక్కడే. స్విస్ ఫ్యామిలీ కార్డ్ అని ఒకటుంది. తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గర ట్రావెల్ పాస్ గానీ, హాఫ్ ఫేర్ కార్డ్ గానీ ఉంటే, ఆరేళ్లు దాటి పదహారు నిండని పిల్లలు వాళ్లతో పాటు రైళ్లు, బస్సులు, పడవల్లో ఉచితంగా తిరగొచ్చు. ఈ కార్డుకి డబ్బు తీసుకోరు, కానీ అడిగితేనే ఇస్తారు. మీ పాస్ బుక్ చేసేటప్పుడే పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు కూడా రాయించండి. ఇది తెలియక పిల్లలకి విడిగా టికెట్లు కొనేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక మీ ఇద్దరి సంగతి. ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకి దొరుకుతుంది. రైళ్లు, పోస్ట్ బస్సులు, సరస్సుల మీద పడవలు, ఊళ్లలో ట్రాములు, 500 దాకా మ్యూజియాలు అన్నీ అందులోనే. హాఫ్ ఫేర్ కార్డ్ నెల రోజులు చెల్లుతుంది. దాంతో ప్రతి టికెట్టూ కొనుక్కోవాల్సిందే, కానీ చాలావరకు సగం ధరకే. రోజుకో ఊరు మారుతూ మ్యూజియాలు చూసేవాళ్లకి ట్రావెల్ పాస్ సుఖం. ఒకచోట మకాం పెట్టి కొండలెక్కేవాళ్లకి హాఫ్ ఫేర్ లాభం. మీ ప్లాన్ రెండో రకం. ఉదాహరణకి ఇంటర్లాకెన్ వైపు నుంచి వెళ్లే యుంగ్‌ఫ్రాయోఖ్ అనే మంచుకొండ మీది రైల్వే స్టేషన్‌కి ట్రావెల్ పాస్ మీద గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాకా ఉచితమే గానీ, అసలు ఖరీదైన పై భాగానికి 25 శాతమే తగ్గిస్తారు. హాఫ్ ఫేర్ ఉంటే కింద నుంచి పైదాకా సగమే.

దూరం వెళ్లే రోజులకి మాత్రం హాఫ్ ఫేర్‌తో పాటు సేవర్ డే పాస్ తీసుకోండి. ఆ ఒక్క రోజు దేశమంతా ఎక్కడైనా తిరగొచ్చు. ఆరు నెలల ముందు నుంచే అమ్ముతారు. హాఫ్ ఫేర్ ఉన్నవాళ్లకి 29 ఫ్రాంకుల దగ్గర మొదలై, అమ్ముడయ్యే కొద్దీ పెరుగుతుంది. కొన్నాక వెనక్కి తీసుకోరు. అయినా భయం లేదు, వాన పడ్డా రైలు నడుస్తుంది, మీరు ఊరు మారతారు.

ఆ పాస్‌ని ఎలా వాడుకోవచ్చో చూడండి. లూసెర్న్ నుంచి ఇంటర్లాకెన్ వెళ్లే రైలు బ్రూనిగ్ కనుమ ఎక్కి దిగుతుంది. దాదాపు రెండు గంటల ప్రయాణం. అందరూ చివరిదాకా రైల్లోనే కూర్చుంటారు. మీరు బ్రీంజ్‌లో దిగిపోండి. పడవల రేవు స్టేషన్‌కి ఎదురుగానే ఉంటుంది. ఎండాకాలంలో అక్కడి నుంచి ఇంటర్లాకెన్ తూర్పు స్టేషన్ దాకా పడవ ఉంది, గంటంపావు పడుతుంది. హిమానీనదాల నుంచి కొట్టుకొచ్చే సన్నటి రాతి పొడి కలిసి ఆ సరస్సు నీలం, ఆకుపచ్చ కలగలిసినట్టు ఉంటుంది. దారిలో గీస్‌బాఖ్ జలపాతం దగ్గర పడవ ఆగుతుంది. విడిగా కొంటే పడవ టికెట్ బరువే, డే పాస్‌లో అది కూడా కలిసే ఉంది.

ఒక జాగ్రత్త. స్విస్ రైల్వే యాప్‌లో టికెట్ ధర చూసేటప్పుడు పైన ప్రయాణికుడి వివరాలు చూడండి. హాఫ్ ఫేర్ ఉన్నట్టు లెక్కగట్టి సగం ధర చూపిస్తుంటుంది. కార్డు లేకుండా ఆ టికెట్ కొని ఎక్కితే చెల్లదు. రైలు కదిలాక ఫోన్‌లో కొన్న టికెట్ కూడా చెల్లదు. జరిమానా వంద ఫ్రాంకుల దగ్గర్లో ఉంటుంది.

ప్రశ్న: యుంగ్‌ఫ్రాయోఖ్ చూడకుండా వస్తే స్విట్జర్లాండ్ వెళ్లినట్టే కాదని మావారు. ఒక్క పూటకి అంత డబ్బా అని నేను. మీరేమంటారు?

ఇంటర్లాకెన్ నుంచి పైకి వెళ్లి రావడానికి పూర్తి ధర మనిషికి 200 ఫ్రాంకులు దాటుతుంది. నిజానికి అది 1912 నుంచి నడుస్తున్న అద్భుతం. ఐగర్ పర్వతం లోపల సొరంగం తొలిచి 3,454 మీటర్ల ఎత్తుకి రైలు తీసుకెళ్లారు. పైనుంచి ఆల్ప్స్‌లోకెల్లా పెద్ద హిమానీనదం అలెచ్ కళ్ల ముందు పరుచుకుంటుంది. వెళ్లొద్దని నేను అనను. ముందే కొనొద్దని మాత్రం గట్టిగా అంటాను.

పైన మబ్బు కమ్మితే మీకు కనిపించేది తెల్లటి గోడ. మంచు గుహ, దుకాణాలు, ఒక సెల్ఫీ, అంతే. ఏజెంట్లు నెలల ముందు తేదీ వేసి అమ్మే టికెట్‌లో ఉన్న ప్రమాదం ఇదే. ఇంటర్లాకెన్‌లో నాలుగు రాత్రులు ఉంటారనుకుంటే మూడు పగళ్లు చేతిలో ఉన్నట్టు. ఏ రోజు కొండెక్కాలో ఆకాశానికి వదిలేయండి. పొద్దున్నే లేచి యుంగ్‌ఫ్రా రైల్వే వాళ్ల వెబ్‌క్యామ్ తెరవండి, శిఖరం దగ్గర ఆ నిమిషాన ఎలా ఉందో కనిపిస్తుంది. హోటల్ కిటికీలోంచి చూసి నిర్ణయించకండి. లోయలో మంచు పట్టినా పైన ఎండ కాయొచ్చు, దానికి తలకిందులుగానూ ఉండొచ్చు. బాగుందంటే అప్పుడే టికెట్ కొని తొలి రైళ్లలో బయల్దేరండి. మధ్యాహ్నానికి మబ్బులు లేవడం అక్కడ మామూలే.

రద్దీ రోజుల్లో సీటు దొరకదేమోనని భయమా? రిజర్వేషన్ కావాలంటే ముందురోజు రాత్రి చూసుకోండి. అప్పటికి వాతావరణం సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

ఆ డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే నేను మనసారా చెప్పే దారి ఇంకొకటుంది. లౌటర్‌బ్రునెన్ నుంచి రైల్లో వెంగెన్, అక్కడి నుంచి కేబుల్ కారులో మెన్లిఖెన్ చేరండి. అక్కడ మొదలయ్యే కాలిబాట క్లైనె షైడెగ్ దాకా దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు, ఎక్కువ భాగం మెల్లగా కిందికి దిగుతుంది. తీరిగ్గా నడిచినా రెండు గంటలు పట్టదు. ఐగర్, మూంఖ్, యుంగ్‌ఫ్రా శిఖరాలు మూడూ నడుస్తున్నంతసేపూ మీ ఎదురుగానే ఉంటాయి. ఒక మలుపు తిరిగాక ఐగర్ ఉత్తరపు గోడ, సుమారు 1,800 మీటర్ల నిట్టనిలువు రాయి, మీదికి ఒరిగినట్టు నిలబడుతుంది. ఆవుల మెడగంటలు వింటూ ఆ గోడ కింద నడవడం నాకైతే పైన స్టేషన్‌లో నిలబడటం కంటే గొప్పగా ఉంటుంది. మంచు కరిగాక, సాధారణంగా జూన్ నుంచి, ఆ దారి తెరుస్తారు. యుంగ్‌ఫ్రాయోఖ్ టికెట్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

మీరు ఇప్పటికే ట్రావెల్ పాస్ కొనేసి ఉంటే రీగి, స్టాన్సర్‌హోర్న్, స్టూస్ కొండలకి పైసా లేకుండా వెళ్లొచ్చు. రీగి మీదికి ఫిట్స్‌నావ్ నుంచి వెళ్లే పళ్లచక్రాల రైలు 1871 నాటిది, యూరప్‌లో అలాంటి కొండ రైళ్లకి అదే మొదటిది. స్టాన్సర్‌హోర్న్ మాత్రం చలికాలంలో మూసేస్తారు.

ప్రశ్న: మా అత్తయ్యగారు శాకాహారి, బయట తిండి పడదు. పూటకి నలుగురికి వంద ఫ్రాంకులవుతుందని భయపెడుతున్నారు.

రాత్రిపూట హోటల్లో కూర్చుని తింటే అవుతుంది, అబద్ధం కాదు. అందుకే పెద్దావిడతో వస్తున్నప్పుడు వంటగది ఉన్న అపార్ట్‌మెంటే తీసుకోండి. మిగ్రోస్, కోప్, డెన్నర్, ఆల్డి, లిడ్ల్ సూపర్‌మార్కెట్లు ఏ ఊళ్లో చూసినా కనిపిస్తాయి. మిగ్రోస్‌లో ఎం-బడ్జెట్ అని, కోప్‌లో ప్రీ గారంటీ అని రాసి ఉన్నవి అన్నిటికంటే చవక. బియ్యం, పాలు, పెరుగు, కూరగాయలకి లోటుండదు. ప్యాకెట్ మీద ఆకు ఆకారంలో వి గుర్తు ఉంటే అందులో మాంసం, చేపలు ఉండవు, గుడ్డు మాత్రం ఉండొచ్చు. సాయంత్రం కొట్టు మూసే ముందు రొట్టెలు, సలాడ్ల మీద 25, 50 శాతం తగ్గింపు స్టిక్కర్లు అంటిస్తారు.

ఆదివారం కొట్లు మూత. పెద్ద రైల్వే స్టేషన్లలో మాత్రం తెరిచి ఉంటాయి. శనివారం కూడా త్వరగా మూసేస్తారు కాబట్టి ఆ రోజే సరుకులు తెచ్చుకోండి, లేకపోతే ఆదివారం రెస్టారెంటే గతి.

బయట తినాలనిపిస్తే మధ్యాహ్నం తినండి. ఆ పూట 'టాగెస్‌మెన్యూ' (ఆ రోజు భోజనం) అని బోర్డు పెట్టి సూప్ లేదా సలాడ్‌తో కలిపి రాత్రి ధర కంటే బాగా తక్కువకి ఇస్తారు. మిగ్రోస్, కోప్ వాళ్ల సెల్ఫ్ సర్వీస్ రెస్టారెంట్లలో ఎవరికి కావలసినంత వాళ్లు వడ్డించుకోవచ్చు, పెద్దవాళ్లకి అది హాయి.

నీళ్ల సీసాలు మాత్రం దయచేసి కొనకండి. జ్యూరిక్‌లోనే 1,200కి పైగా తాగునీటి ఫౌంటెన్లున్నాయి. ఏ పల్లెలోనైనా రాతి తొట్టిలోకి చల్లటి నీళ్లు పడుతూనే ఉంటాయి. 'కైన్ ట్రింక్‌వాసర్' (తాగే నీళ్లు కావు) అన్న బోర్డు లేకపోతే నిశ్చింతగా పట్టుకోండి. రెస్టారెంట్‌లో మాత్రం కుళాయి నీళ్లకి కూడా చాలాచోట్ల డబ్బు వేస్తారు, ఆర్డర్ ఇచ్చేముందే అడగండి.

ప్రశ్న: నేను విద్యార్థిని. జెనీవా, బాసెల్‌లో హోటళ్లు అందుబాటులో లేవు. సరిహద్దు అవతల ఉంటే ఎలా ఉంటుంది?

ఉండొచ్చమ్మా. జెనీవా పక్కనే ఫ్రాన్స్‌లో ఆన్‌మాస్ ఉంది. 2019 డిసెంబర్ నుంచి లెమాన్ ఎక్స్‌ప్రెస్ రైలు రెండిటినీ కలుపుతోంది, అరగంట లోపు ప్రయాణం. బాసెల్ నుంచైతే 8వ నంబరు ట్రాము ఎక్కితే జర్మనీలోని వైల్ ఆమ్ రైన్‌లో దిగుతావు. పాస్‌పోర్ట్ మాత్రం దగ్గర ఉండాలి.

కానీ లెక్కలో ఒకటి మర్చిపోకు. జెనీవా, బాసెల్, బెర్న్ ఊళ్లలో హోటల్లో గానీ హాస్టల్లో గానీ దిగితే, ఉన్నన్నాళ్లూ ఊరి బస్సులు, ట్రాములు ఉచితంగా ఎక్కే కార్డు ఇస్తారు. టిచీనో రాష్ట్రంలో అయితే టిచీనో టికెట్‌తో ఆ ప్రాంతమంతా, రైళ్లతో సహా తిరగొచ్చు. బిల్లులో రాత్రికింత అని వేసే పర్యాటక పన్ను కడుతున్నావు కదా, కార్డు ఇవ్వకపోతే అడిగి తీసుకో. సరిహద్దు అవతల ఉంటే ఇది పోతుంది, పైగా రోజూ రానూపోనూ టికెట్. ఒకటి రెండు రాత్రులకి ఆ తిప్పలు వద్దనే అంటాను. స్విస్ యూత్ హాస్టళ్లు చూడు: శుభ్రంగా ఉంటాయి, పొద్దుటి ఫలహారం అద్దెలోనే కలిసి ఉంటుంది. పాతికేళ్లలోపు వాళ్లకి ట్రావెల్ పాస్ మీద కూడా 30 శాతం తగ్గింపు ఉంది.

అవతలి నుంచి సరుకులు తెచ్చుకుంటే, 2025 నుంచి మనిషికి రోజుకి 150 ఫ్రాంకుల విలువ దాకానే పన్ను లేదు.

ప్రశ్న: బెర్నీనా ఎక్స్‌ప్రెస్ రిజర్వేషన్‌కి పాస్ ఉన్నా అదనంగా కట్టమంటున్నారు. తప్పదా?

ఆ అద్దాల రైలుకి తప్పదు. కానీ అదే పట్టాల మీద, అదే వంతెనల మీదుగా సెయింట్ మోరిట్జ్ నుంచి ఇటలీలోని టిరానో దాకా మామూలు రైళ్లు కూడా నడుస్తాయి. వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు, ట్రావెల్ పాస్ చెల్లుతుంది. కొన్ని పెట్టెల్లో కిటికీ దించుకోవచ్చు, ఫొటోలో అద్దం మెరుపు పడదు. 2,253 మీటర్ల ఎత్తున ఓస్పిట్సియో బెర్నీనా దగ్గర సరస్సు, బ్రూసియోలో రైలు తన చుట్టూ తానే తిరిగి దిగే గుండ్రటి వంతెన, అన్నీ కనిపిస్తాయి. పైగా ఆల్ప్ గ్రూమ్‌లో దిగి కాసేపు హిమానీనదం చూసి తర్వాతి రైలు ఎక్కొచ్చు, ఎక్స్‌ప్రెస్ టికెట్‌తో ఆ వీలుండదు. నా ఓటు మామూలు రైలుకే.

ప్రశ్న: టిప్ ఎంత ఇవ్వాలి? కార్డు వాడాలా, నోట్లు మార్చుకోవాలా?

సర్వీస్ చార్జీ బిల్లులోనే కలిపి ఉంటుంది, ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. సంతోషంగా అనిపిస్తే పై ఫ్రాంకుకి సర్దేసి ఇవ్వండి. కార్డు దాదాపు అంతటా నడుస్తుంది, చిల్లర కోసం కొద్దిగా ఫ్రాంకులు ఉంచుకోండి. యూరోలు తీసుకునే చోట కూడా చిల్లర ఫ్రాంకుల్లో, వాళ్లు కట్టిన రేటుకే ఇస్తారు. కార్డు మెషీన్ ఒక్కోసారి మీ దేశపు డబ్బులో కడతారా, ఫ్రాంకుల్లోనా అని అడుగుతుంది. ప్రతిసారీ ఫ్రాంకులే నొక్కండి, మీ దేశపు డబ్బులో అయితే మారకం రేటు మీకు నష్టంగా ఉంటుంది.