పదహారు పేర్ల చార్టు పక్కన పెట్టు తల్లీ

తల్లీ,

నీ మెసేజ్ చూశాను. వచ్చే నెల నాలుగు ఆదివారాలు యూత్ మీటింగ్‌లో 'దేవుని నామములు' మీద నిన్నే మాట్లాడమన్నారని, టెన్షన్‌గా ఉందని రాసి, నెట్‌లో దొరికిన పదహారు పేర్ల చార్టు కూడా పంపించి, 'వారానికి నాలుగు చొప్పున చెప్పేస్తే సరిపోతుందా పెద్దమ్మా' అని అడిగావు. లెక్క సరిపోతుంది, పాఠం సరిపోదు.

సండే స్కూల్లో నేనూ ఆ చార్టుతోనే మొదలుపెట్టాను. యెహోవా నిస్సీ అంటే జయమిచ్చే దేవుడు అని చప్పట్లు కొట్టించి మరీ చెప్పాను. ఒకరోజు ఒక బుడ్డోడు లేచి 'టీచర్, ఆ పేరు దేవుడికి ఎవరు పెట్టారు?' అన్నాడు. నాకు తెలీదు. ఇంటికొచ్చి నిర్గమకాండం 17 తీస్తే, అది దేవుడికి పెట్టిన పేరే కాదు, అమాలేకీయులతో యుద్ధం అయ్యాక మోషే తను కట్టిన బలిపీఠానికి పెట్టుకున్న పేరు. అర్థం కూడా జయం కాదు, 'యెహోవా నా ధ్వజం'. మోషే చేతులెత్తినంతసేపే వీళ్ళది పైచేయి, ఆ రోజంతా చేతులు పైకెత్తి ఉంచలేక వాలిపోతుంటే అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు పట్టుకున్నారు చూడు, అంత అలిసిపోయిన మనిషి పెట్టిన పేరు అది. ఇది వదిలేసి నేను చప్పట్లు కొట్టించాను.

ఆ తర్వాత ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయాను. యెహోవా యీరే ఒక కొండ మీది చోటుకి అబ్రాహాము పెట్టిన పేరు. యెహోవా షాలోమ్ గిద్యోను కట్టిన బలిపీఠం. యెహోవా షమ్మా యెహెజ్కేలు గ్రంథం చివరి వచనంలో ఒక పట్టణం పేరు. మన వైపు ఇళ్ళ మీద రాయించుకునే ఎబెనెజరు అయితే సమూయేలు నిలబెట్టిన రాయి! ఆటోల వెనకా ఇళ్ళ మీదా రాసుకోవడం తప్పని నేననడం లేదు, నిజానికి ఆ పేర్లు అలాంటి చోట్లకే పుట్టాయి. కానీ నువ్వు మైకు ముందు నిలబడి చెప్పేటప్పుడు, ఏ పేరు ఎవరి నోట, ఏ పరిస్థితిలో వచ్చిందో ముందు చూసుకో. అర్థం తర్వాత.

మొదటి వారం హాగరుతో మొదలుపెట్టు. ఆదికాండం 16. ఐగుప్తు దాసి, కడుపుతో ఉంది, యజమానురాలు శారయి పెట్టే బాధ పడలేక అరణ్యంలోకి పారిపోయింది, ఆమెని అడిగి ఎవరూ ఏదీ చేయలేదు. నీళ్ళ ఊట దగ్గర దేవదూత ఆమెను పేరు పెట్టి పిలిచాడు. అప్పటిదాకా ఆ ఇంట్లో వాళ్ళ మాటల్లో ఆమె 'దాసి'యే, వెనక్కి వెళ్ళి చదువు, శారయి గానీ, ఆమె భర్త అబ్రాము (తర్వాత అబ్రాహాము అయ్యింది ఆయనే) గానీ హాగరు అని ఒక్కసారీ అనరు. అలాంటి మనిషి దేవుడికి తనే ఒక పేరు పెట్టింది, 'ఎల్ రోయి', చూస్తున్న దేవుడు అని. బైబిల్లో దేవుడికి ఇలా పేరు పెట్టిన మొదటి మనిషి ఆమే, అబ్రాహాము కాదు. మీ యూత్‌లో హాస్టళ్ళలో ఉండే ఆడపిల్లలు ఉంటారు కదా, వాళ్ళకి ఈ వారం ఒక్కటీ చాలు.

రెండో వారం యీరే. 'సమకూర్చే దేవుడు' అని అందరూ చెప్తారు, కానీ హెబ్రీలో ఆ మాటకి మూలం 'చూడటం', హాగరు చెప్పిన రోయికి కూడా అదే ధాతువు. ఇంగ్లీషులో దీన్ని వివరించాలంటే తిప్పలు పడాలి, మనకి ఆ బాధ లేదు. ఆ కొండకి వెళ్తూ, బలికి గొర్రెపిల్ల ఏదీ అని కొడుకు ఇస్సాకు అడిగితే, మన తెలుగు బైబిల్లో అబ్రాహాము ఇచ్చిన జవాబు చూడు, దేవుడే 'చూచుకొనును' అంటాడు. ఇంట్లో డబ్బుల్లేనప్పుడు మీ అమ్మమ్మ 'దేవుడే చూసుకుంటాడులే' అనేది గుర్తుందా? చూడటమూ, చూసుకోవడమూ. ఆ మాట దగ్గర కాసేపు ఆగు, పరిగెత్తకు.

ఇందుకే చెప్తున్నా, ఇంగ్లీషు బైబిలు ఒక్కటే పట్టుకుని తయారవకు. అందులో చాలావాటిలో దేవుని పేరు వచ్చిన చోటల్లా 'లార్డ్' అని పెద్దక్షరాల్లో వేస్తారు, చదివేటప్పుడు మామూలు 'లార్డ్'కీ దానికీ తేడా చెవికి అందదు. మన పాత తెలుగు అనువాదంలో యెహోవా అంటే యెహోవా, ప్రభువు అంటే ప్రభువు. హెబ్రీ లేఖనాల్లో ఆ పేరు దాదాపు 6,800 సార్లు వస్తుంది, అన్నిసార్లు కంటికి కనపడటం చిన్న విషయమా!

ఎవడో ఒకడు లేచి 'యెహోవా అనకూడదు, యాహ్వే అనాలి' అని వాట్సాప్‌లో చదివింది అప్పజెప్తాడు. వాదనకి దిగకు. ఆ పేరు నాలుగు హల్లులు, యోద్, హే, వావ్, హే. యూదులు భక్తి కొద్దీ దాన్ని పలక్కుండా అక్కడ 'అదోనాయ్', అంటే ప్రభువు, అని చదివేవాళ్ళు. తర్వాతి కాలపు లేఖకులు గుర్తు కోసం అదోనాయ్ అచ్చుల గుర్తులు ఆ హల్లులకే పెట్టారు, రెండూ కలిపి చదివితే యెహోవా అయింది. అసలు ఉచ్చారణ యాహ్వే అయ్యుండొచ్చని పండితులు ఎక్కువమంది అంటారు. అంతే, రెండు నిమిషాల్లో ముగించు. వెనకటి ఆడవాళ్ళు మొగుడి పేరు ఎత్తకుండా 'ఆయన' అనేవాళ్ళు కదా, అలాగే యూదులు ఇప్పటికీ మాటల్లో 'హషేమ్' అంటారు, 'ఆ పేరు' అని అర్థం. ఇది చెప్తే అందరూ నవ్వుతారు, గొడవ సర్దుకుంటుంది.

మూడో వారం కష్టమైనది తీసుకో. చార్టులో అన్నీ తీపి పేర్లే ఉన్నాయి. సర్వశక్తుడు, హెబ్రీలో షద్దాయి, అనే పేరు పాత నిబంధనలో 48 సార్లు వస్తే అందులో 31 యోబు గ్రంథంలోనే ఉన్నాయి, అంటే బూడిదలో కూర్చున్న మనిషి చుట్టూ జరిగిన వాదనల్లో. భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకుని బేత్లెహేముకి తిరిగొచ్చిన నయోమి కూడా, సర్వశక్తుడు నాకు దుఃఖం కలగజేశాడు, నన్ను నయోమి అనకండి, మారా అనండి అంటుంది. చేదు అని దానర్థం. దేవుడి మీద ఫిర్యాదు కూడా దేవుడి పేరు పెట్టే చేసింది. దీనికి వెంటనే ఓదార్పు వాక్యం అతికించకు. ఆ వారం వచ్చినవాళ్ళలో ఇంట్లో చావు జరిగినవాళ్ళు ఉండొచ్చు, నయోమిని అలాగే వదిలెయ్.

సైన్యములకధిపతియగు యెహోవా గురించి అడిగావు. పేరు వినగానే కత్తులూ గుర్రాలూ అనుకుంటాం, కానీ బైబిల్లో ఆ పేరుతో దేవుణ్ణి మొదట పిలిచింది యోధుడు కాదు, పిల్లల్లేక సవతి చేత మాటలు పడి, షిలోహు మందిరంలో ఏడుస్తూ నిలబడ్డ హన్నా. యాజకుడేమో ఆమె తాగి ఉందనుకున్నాడు. (పెద్దవాళ్ళం మేమూ అలాంటి పొరపాట్లు చేస్తుంటాం, ఏం చేస్తాం.)

నాలుగో వారం నువ్వు మాట్లాడకు, వాళ్ళ చేత చదివించు. 14వ కీర్తన, 53వ కీర్తన పక్కపక్కన పెట్టించు. దాదాపు ఒకటే కీర్తన, కానీ మొదటిదాంట్లో యెహోవా అని ఉన్నచోట రెండోదాంట్లో దేవుడు అని ఉంటుంది. పెన్సిలుతో గీతలు గీయమను. టైముంటే ఆదికాండం 2, 3 కూడా. కథ చెప్పే స్వరం 'దేవుడైన యెహోవా' అంటుంటే సర్పం మాత్రం ఉత్త 'దేవుడు' అనే అంటుంది, హవ్వ కూడా అదే మాటతో జవాబిస్తుంది. ఎందుకలా అని వాళ్ళనే అడుగు, నువ్వు జవాబు చెప్పకు, నా దగ్గరా ఒకే ఒక్క జవాబు లేదు. మరీ తెలివైనవాడెవడైనా ఉంటే ఎస్తేరు గ్రంథంలో దేవుడి పేరు వెతికిపెట్టమను. దొరకదు, హెబ్రీ మూలంలో ఎక్కడా లేదు, వాడికి వారం రోజుల పని.

'అబ్బా', అంటే తండ్రీ, అనే పిలుపు కూడా చెప్పాలా అన్నావు. అది వేరే నెలకి ఉంచుకో, రోమా 8 దగ్గరికి వెళ్ళినప్పుడు చెప్దువుగాని.

చార్టు మాత్రం పారెయ్యకు. వెనకవైపు తెల్లగానే ఉంది కదా, దాని మీద హాగరు, అబ్రాహాము, నయోమి, హన్నా అని నలుగురి పేర్లు పెద్దగా రాసి, మొదటి వారం గోడకి అంటించు. శనివారం రాత్రి ఫోన్ చెయ్యి, హాగరు పాఠం నాకు ఒకసారి చెప్పి చూపిద్దువు. తొమ్మిదిలోపు చెయ్యి, ఆ తర్వాత నిద్రపోతాను.

మీ పెద్దమ్మ