షెడ్డు కబుర్లు: పానా పట్టినవాడికి పటం ఎప్పుడు?

(ఆటోనగర్‌లో చాలాకాలం కార్ల షెడ్డు నడిపిన మేస్త్రీ జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో షార్లెట్‌లో ఉంటాడు. ఈమధ్య వెళ్ళినప్పుడు అక్కడి నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ చూపించాడు. నాస్కార్ అంటే అక్కడి కార్ల రేసుల సంస్థ, ఆ ఆటలో గొప్పవాళ్ళని గౌరవించే భవనం ఇది. నాటుసారా రవాణా చేసినవాళ్ళకి కూడా అందులో చోటిచ్చారు కానీ, స్మోకీ యూనిక్ అనే పేరున్న మెకానిక్‌కి ఇవ్వలేదట. ఓటు మీ చేతిలో ఉంటే పాతతరం వాళ్ళలో ముందు ఎవరికి వేస్తారు?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నేను స్మోకీ పేరే చెబుతానని మీరు అనుకుని ఉంటారు. నా మొదటి ఓటు రెడ్ వోగ్ట్‌కి.

ఆయనది అట్లాంటాలో షెడ్డు. ఆ రోజుల్లో జార్జియా కొండల్లో కాచిన సారాని పోలీసులకి చిక్కకుండా ఊళ్ళోకి చేర్చాలంటే పైకి మామూలు ఫోర్డులా కనిపించే కారే కావాలి, లోపల ఇంజిన్ మాత్రం వేరే లెక్క. అలాంటి బళ్ళు తయారుచెయ్యడంలో వోగ్ట్ దిట్ట. పట్టుకునేవాళ్ళ కార్లు కూడా ఆయన దగ్గరికే వచ్చేవని చెప్పుకుంటారు. నమ్మడానికి నాకేం ఇబ్బంది లేదు, మంచి మేస్త్రీ దగ్గరికి అందరూ వస్తారు.

సారా వ్యాపారంలో సంపాదించిన రేమండ్ పార్క్స్ డబ్బు పెట్టాడు. వోగ్ట్ బండి కట్టాడు. రెడ్ బైరన్ నడిపాడు. బైరన్‌కి యుద్ధంలో ఎడమకాలు దెబ్బతింది. ఆ కాలికి వేసిన ఇనుప పట్టీని క్లచ్ పెడల్‌కి బిగించుకుని నడిపేవాడు. 1949లో నాస్కార్ మొదటిసారి కొత్త మోడల్ కార్లతో పోటీలు పెడితే, ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ ఈ ముగ్గురి బండికే వచ్చింది. అంతకుముందు 1947 డిసెంబరులో డేటోనా బీచ్‌లోని స్ట్రీమ్‌లైన్ హోటల్లో నాస్కార్ స్థాపకుడు బిల్ ఫ్రాన్స్ పిలిచిన సమావేశానికి వోగ్ట్ కూడా వెళ్ళాడు. సంస్థకి నాస్కార్ అనే పేరు సూచించింది ఆయనే.

ఇప్పుడు హాల్ సంగతి చూడండి. 2010 మే నెలలో తెరిచారు. పార్క్స్ అప్పటికి బతికే ఉన్నాడు, జూన్‌లో పోయాడు, 96 ఏళ్ళు. ఆయన్ని చేర్చింది 2017 జాబితాలో, బైరన్‌ని 2018లో. వోగ్ట్ పేరు 2026 జాబితా దాకా లేదు. డబ్బు పెట్టినాయనకీ స్టీరింగ్ పట్టినాయనకీ చోటు దొరికింది, చేతులకి గ్రీజు అంటినాయన మాత్రం బయటే ఉన్నాడు. సంస్థకి పేరు పెట్టినవాడి పటం ఆ సంస్థ గోడ మీద లేకపోవడం ఏం న్యాయమండీ? పైగా 2021 జాబితా నుంచి ఏడాదికి ముగ్గురినే తీసుకుంటున్నారు, అందులో పాతతరానికి ఒకటే సీటు.

స్మోకీకి నా రెండో ఓటు. డ్రైవర్ హెర్బ్ థామస్ గెలిచిన 1951, 1953 ఛాంపియన్‌షిప్‌ల వెనక ఉన్న చెయ్యి ఆయనదే. ఆయనకి బిల్ ఫ్రాన్స్‌తో పడేది కాదు. రూల్సులో రాయనిదంతా చెయ్యొచ్చన్నది ఆయన పద్ధతి. ట్యాంకులో ఇంత పెట్రోలే పట్టాలన్నారు కానీ గొట్టం సంగతి ఎవరూ రాయలేదని, 11 అడుగుల పొడవు, 2 అంగుళాల లావు గొట్టం వేసి 5 గాలన్లు అదనంగా దాచాడని ఒక కథ. నేను లెక్కకట్టి చూశాను, అంత గొట్టంలో 2 గాలన్లు కూడా పట్టవు. కథలు ఎక్కువై అసలు పనితనం మరుగున పడ్డ మనిషి. మోసగాడంటారా? 1949 జూన్‌లో షార్లెట్‌లో జరిగిన ఆ కొత్త మోడల్ పోటీల మొట్టమొదటి రేసులో ముందొచ్చిన గ్లెన్ డునవే కారుకి వెనక కమాన్లు (స్ప్రింగులు) మార్చారని తేలి, గెలుపు జిమ్ రోపర్‌కి ఇచ్చారు. అది సారా బండి మరి! ఆట పుట్టుకే అలాంటిది.

ఇంకో మాట. హాల్లోకి తీసుకున్న మొదటి అయిదుగురిలోనే బిల్ ఫ్రాన్స్‌కీ ఆయన కొడుక్కీ చోటిచ్చి, 105 రేసులు గెలిచిన డేవిడ్ పియర్సన్‌ని మరుసటి ఏడాదికి ఆపారు. ఇంటివాళ్ళకి ముందు వడ్డించి అతిథిని రెండో బంతికి ఆపినట్టుంది.

ప్రశ్న: ఆ రోజుల్లో ఆడవాళ్ళెవరూ నడపలేదా?
- ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఎందుకు నడపలేదమ్మా! నేను చెప్పిన ఆ మొట్టమొదటి రేసులోనే సేరా క్రిస్టియన్ ఉంది. అదే ఏడాది పిట్స్‌బర్గ్ దగ్గర హైడల్‌బర్గ్‌లో అయిదో స్థానంలో వచ్చింది. నాస్కార్ పెద్ద సిరీస్‌లో ఒక మహిళ సాధించిన అత్యుత్తమ స్థానం ఈ రోజుకీ అదే. ఎథెల్ మోబ్లీ డేటోనా ఇసుకలో తన అన్నదమ్ముల్లో ఇద్దరిని వెనక్కి నెట్టింది. అయినా డ్రైవర్‌గా ఒక్క మహిళని కూడా హాల్లోకి తీసుకోలేదు. 2024లో డ్రైవర్ జానెట్ గథ్రీకి ల్యాండ్‌మార్క్ అవార్డు ఇచ్చారు కానీ, దాంతో హాల్ సభ్యత్వం రాదు. అది పక్కగుమ్మం మర్యాద. సేరా నడిపిన రేసులు చాలా తక్కువ, ఆ సంగతీ చెప్పాలి. నా మూడో ఓటు ఆమెకే, కాకపోతే అక్కడ వాదన వస్తే గట్టిగా నిలబడాల్సి ఉంటుంది.

ప్రశ్న: ఒక డ్రైవర్ కోతిని ఎక్కించుకుని రేసు నడిపాడంటారు, నిజమా?
- ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: నిజమే. టిమ్ ఫ్లాక్, 1953. కోతి పేరు జాకో ఫ్లాకో. ముందు టైరు ఎంత అరిగిందో చూసుకోవడానికి అప్పట్లో కారు అడుగున చిన్న మూత ఉండేది, గొలుసు లాగితే తెరుచుకునేది. రాలీలో జరిగిన రేసులో కోతి కట్టు విప్పుకుని వెళ్ళి ఆ గొలుసే లాగింది. చక్రం కింద నుంచి రాయి ఎగిరి నుదుటికి తగిలితే, వెళ్ళి టిమ్ మెడ పట్టుకుంది. పాపం, దాన్ని దింపడానికి పిట్‌లో (రేసు మధ్యలో బళ్ళు ఆపే చోట) ఆగాడు, మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. టిమ్‌ని 2014లో హాల్లోకి తీసుకున్నారు. కోతికి అదే ఆఖరి రేసు.